యంత్రానికి మొక్కిన మనుషులు
(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల సంగతి కాకుండా ఇంకేదైనా మాట్లాడమని కార్యదర్శిగారు కోరారు. రిటైరయ్యాక నేను చదివిన రెండు ఇంగ్లీషు కథల గురించి మనవి చేస్తాను. రాబోయే కాలం ఎంత భయంకరంగా ఉండవచ్చో ఊహించి రాసినవి. రెండింటిలోనూ మనుషులు యంత్రాన్ని దేవుణ్ణి చేసుకుంటారు.

మొదటిది ఆల్డస్ హక్స్‌లీ 1932లో ప్రచురించిన ‘బ్రేవ్ న్యూ వరల్డ్’. అమెరికాలో హెన్రీ ఫోర్డ్ 1908లో ‘మోడల్ టి’ కారు తెచ్చాడు. 1913లో కారు చట్రమే కదిలి కార్మికుడి ముందుకొచ్చే పద్ధతి పెట్టాడు. పన్నెండున్నర గంటల పని దాదాపు గంటన్నరకు దిగింది. హక్స్‌లీ నవలలో క్రీస్తు శకం పోయి, ఆ కారు పుట్టిన ఏటి నుంచి ఫోర్డు శకం నడుస్తుంది. కథ జరిగేది ఆ శకం 632లో. ప్రభువును ‘లార్డ్’ అని పిలిచేచోట అక్కడివాళ్లు ‘ఫోర్డ్’ అంటారు. శిలువల పైకొమ్మ నరికేస్తే ‘టి’ అక్షరం మిగిలింది. అదే వాళ్ల పవిత్ర చిహ్నం. పక్షానికోసారి పన్నెండుమంది గుండ్రంగా కూర్చుని, పాటలు పాడుతూ ‘సోమ’ కలిపిన పాత్ర చేతులు మార్చుకుని తాగుతారు. క్రీస్తు శిష్యులూ పన్నెండుమందే. సోమ పేరు మాత్రం మన వేదాలలోది. గుడినీ పూజనూ అలాగే ఉంచి, లోపలి విగ్రహాన్ని మార్చేశారన్నమాట.

రెండవది ఇ.ఎం.ఫార్‌స్టర్ 1909లో రాసిన ‘ది మెషిన్ స్టాప్స్’. భూమి అడుగున తేనెపట్టులాంటి గదులలో ఎవరికి వారే ఉంటారు. మీట నొక్కితే భోజనం, పడక, సంగీతం. వాష్టి అనే ఆమె గదిలో ఒకే పుస్తకం ఉంటుంది. ఏ ఇబ్బందికి ఏ మీట నొక్కాలో చెప్పే పుస్తకమది. ఆమె దాన్ని మూడుసార్లు ముద్దుపెట్టుకుని, మూడుసార్లు తలవంచుతుంది. కొన్నాళ్లకు సంగీతంలో అపస్వరాలు, స్నానపు నీళ్లలో కంపు మొదలవుతాయి. ఫిర్యాదులు మరమ్మతుల కమిటీకి వెళతాయి. జనం ముందు విసుక్కుంటారు, తర్వాత అలవాటుపడతారు. ఒక్కొక్కరికి తన ముక్క పని తెలుసుగాని యంత్రం మొత్తం ఎరిగినవాడు ఒక్కడూ లేడు. చివరికి యంత్రం ఆగుతుంది. దానితో వాళ్లూ పోతారు.

‘మనమూ ఆయుధపూజ చేస్తాం కదా’ అని ఒక మిత్రుడు అడిగారు. నిజమే. ఆఫీసులో టైపు మిషన్లకు, బీరువాలకు పసుపు కుంకుమ పెట్టేవాళ్లం. కాని ఆ రోజు మిషను ఆపి పూజ చేసేవాళ్లం. మర్నాడు అది తప్పు కొడితే మనమే దిద్దేవాళ్లం. ఆపగలిగినంత కాలం, దిద్దగలిగినంత కాలం అది పనిముట్టే. ఆ రెండూ చేతగానప్పుడే అది దేవుడవుతుంది.

ఇది చెప్పే అర్హత నాకుందా అంటే, ఒక తప్పు ఒప్పుకోవాలి. నేను సీటులో ఉండగా ఒకావిడ కుటుంబ పింఛను కోసం వచ్చేది. సర్వీసు రిజిస్టరులో ఆమె పేరు ఒకలా, తెచ్చిన కాగితంలో ఇంకోలా ఉంది. ఆమె ఎవరో నాకు బాగా తెలుసు. ఆ ఇంట భోజనం చేసినవాణ్ణి. అయినా ‘రిజిస్టరులో అలా లేదమ్మా’ అని మూడుసార్లు తిప్పి పంపాను. సవరణకు నోటు పెట్టవలసినవాణ్ణి నేనే. పెట్టడానికి ఏడు నెలలు పట్టింది. వాష్టి పుస్తకానికి మొక్కినట్టు నేను రిజిస్టరుకు మొక్కాను.

రెండేళ్ల క్రితం లైఫ్ సర్టిఫికెట్ కోసం వేలు పెడితే ముద్ర పడలేదు. ‘మిషను తీసుకోవడంలేదు తాతగారూ’ అన్నాడు కౌంటరులో కుర్రవాడు. ఆ మాటలో నాకు నా పాత గొంతే వినిపించింది. పక్క సీటులోని అమ్మాయి లేచి, కాగితం ఫారం తీసి, నా ముఖం చూసి పని పూర్తిచేయించింది. ఆమె పుస్తకం చదివిందో లేదోగాని, యంత్రానికి మొక్కలేదు.

ఈ నవంబరులో వేలిముద్రలు పడని మన సభ్యులకు తోడుగా ఇద్దరిని పంపాలని సంఘాన్ని కోరుతున్నాను. మొదటి పేరు నాదే రాసుకోండి.