గిటార్ పెడల్‌కి బ్యాటరీయా, అడాప్టరా?

పెడల్స్ గురించి ఎప్పుడు మాట్లాడినా చివరికి వచ్చే ప్రశ్న ఒకటే. "అన్నా, బ్యాటరీ పెట్టుకోవాలా, అడాప్టర్ కొనాలా?" దీనికి మీరు రెండు రకాల జవాబులు వినే ఉంటారు. ఒకాయన బ్యాటరీతోనే అసలైన టోన్ వస్తుంది అంటాడు. ఇంకొకాయన ఈ రోజుల్లో కూడా బ్యాటరీ ఏంటండీ అని నవ్వుతాడు. మీ దగ్గర ఏ పెడల్ ఉందో మాత్రం ఇద్దరూ అడగరు. అసలు అడగాల్సింది అదే.

ముందు చిన్న లెక్క చేద్దాం. మంచి ఆల్కలైన్ 9 వోల్ట్ బ్యాటరీలో సుమారు 500 మిల్లీ ఆంప్ అవర్స్ ఉంటాయి. బాస్ డీఎస్-1 లాంటి అనలాగ్ డిస్టార్షన్ 4, 5 మిల్లీ ఆంప్స్‌కి మించి లాగదు. అంటే 100 గంటలు. వారానికి రెండు గంటలు వాయించేవాళ్ళకి ఏడాది గడిచిపోతుంది. అదే డిజిటల్ డిలే అనుకోండి, డీడీ-3 లాంటిది 60 దాకా తీసుకుంటుంది. 500ని 60తో భాగిస్తే 8 గంటలు. నిజానికి అంత కూడా రాదు, ఎందుకంటే కరెంట్ ఎక్కువ లాగేకొద్దీ బ్యాటరీ ఇచ్చే మొత్తమే తగ్గిపోతుంది. ఇంక 250, 300 మిల్లీ ఆంప్స్ తాగే పెద్ద రివర్బ్ పెడల్స్ ఉన్నాయి కదా, వాటిలో బ్యాటరీ పెట్టుకునే చోటే ఉండదు. కంపెనీవాళ్ళే ఆ గొడవ తేల్చేశారు.

ఇక్కడ ఒక మాట. కిరాణా షాపులో మనకి చవగ్గా దొరికే 9 వోల్ట్ బ్యాటరీలు ఎక్కువగా జింక్ కార్బన్‌వి. మల్టీమీటర్‌కి వాడే రకం. వాటిలో 500 ఉంటుందనుకుని లెక్క వేసుకోకండి, చాలా తక్కువ ఉంటుంది. రీచార్జబుల్ కొందాం అనుకుంటే, నికెల్ మెటల్ హైడ్రైడ్ రకాలు చాలావరకు 8.4 వోల్ట్‌వి, కొన్ని 7.2వి కూడా వస్తాయి. ప్యాకెట్ మీద మాత్రం పెద్ద అక్షరాలతో 9 అనే ఉంటుంది.

ఇంకోటి, పెడల్ ఆఫ్ చేస్తే బ్యాటరీ కూడా ఆఫ్ అయిపోయిందని చాలామంది అనుకుంటారు. కాదు. ఫుట్‌స్విచ్ ఎఫెక్ట్‌ని మాత్రమే ఆపుతుంది. బ్యాటరీకి అసలు స్విచ్ మీ ఇన్‌పుట్ జాక్. ఆ జాక్ లోపల స్టీరియో జాక్ పెడతారు. మీరు మామూలు గిటార్ కేబుల్ గుచ్చగానే దాని మెటల్ భాగం రెండు కాంటాక్ట్‌లని కలిపేస్తుంది, బ్యాటరీ నెగెటివ్ సర్క్యూట్‌కి తగులుతుంది. లైట్ వెలగకపోయినా సరే, కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. ప్రాక్టీస్ అయ్యాక ఆ ఒక్క కేబుల్ పీకేస్తే నెలలు కలిసొస్తాయి.

ఇప్పుడు టోన్ సంగతి. బ్యాటరీ బ్రాండ్ మారితే కూడా తేడా వినిపిస్తుందంటాడని ఎరిక్ జాన్సన్ గురించి గిటార్ వాళ్ళంతా చెప్పుకుంటారు. ఆయన చెవులతో పోటీ పడే ధైర్యం నాకు లేదు. కానీ బీటెక్‌లో ఇంటర్నల్ రెసిస్టెన్స్ అని చదివి, పరీక్ష రాసి వదిలేశాం కదా, దాన్ని ఒకసారి బయటికి తీద్దాం. 1966లో వచ్చిన ఫజ్ ఫేస్‌లో ఉన్నవి రెండే ట్రాన్సిస్టర్లు. లాగేది 1 మిల్లీ ఆంప్ అటూఇటూ. కొత్త బ్యాటరీ లోపల 30 ఓమ్స్ ఉన్నాయనుకున్నా, పడిపోయే వోల్టేజ్ 0.03. అది ఎవరికి వినిపిస్తుంది చెప్పండి? తేడా వచ్చేది బ్యాటరీ పాతబడి 7.5 వోల్ట్‌లకి దిగినప్పుడు. అప్పుడు ట్రాన్సిస్టర్ బయాస్ మారుతుంది, హెడ్‌రూమ్ తగ్గుతుంది, నోట్ చివర కొంచెం చిరిగినట్టు వస్తుంది. ఫజ్‌కి ఆ చిరుగుడే అందం అనేవాళ్ళున్నారు, నాకూ ఇష్టమే. కానీ అది బ్యాటరీలో ఉన్న మహత్యం కాదు, తగ్గిన వోల్టేజ్. అందుకే వూడూ ల్యాబ్ పెడల్ పవర్ 2 ప్లస్‌లో రెండు అవుట్‌పుట్లకి వోల్టేజ్ కావాలని తగ్గించుకునే నాబ్ ఇచ్చారు. డిజిటల్ పెడల్‌తో ఈ సరదా కుదరదు. వోల్టేజ్ పడితే అది అందంగా చిరగదు, పాట మధ్యలో రీసెట్ అయిపోతుంది.

మరి బ్యాటరీ పెడితే శబ్దం శుభ్రంగా ఉంటుందని అంతమంది ఎందుకంటారు? నిజంగానే ఉంటుంది కాబట్టి. కారణం వేరే. బ్యాటరీ ఇంకే పెడల్‌తోనూ, గోడలో ఉన్న కరెంట్‌తోనూ సంబంధం లేకుండా విడిగా ఉంటుంది. ఐసొలేషన్ అంటే ఇదే.

ఒకే అడాప్టర్‌కి అయిదు తలల డైసీ చైన్ పెట్టారనుకోండి. ప్యాచ్ కేబుల్స్ వల్ల పెడల్స్ అన్నిటికీ గ్రౌండ్ ముందే కలిసి ఉంది. పవర్ వైరు వల్ల మళ్ళీ ఇంకో దారిలో కలుస్తుంది. ఆ డిజిటల్ డిలే లోపల క్లాక్ తిరుగుతూ ఉంటుంది కదా, అది కరెంట్‌ని లాగినప్పుడల్లా వచ్చే చిన్న చిన్న కుదుపులు ఆ వైరు మీదుగా పక్క పెడల్స్‌కి పాకుతాయి. మామూలుగా వినిపించదు. పక్కన హై గెయిన్ డిస్టార్షన్ ఉందా, దోమ పాడినట్టు "కుయ్" మంటుంది. పది పెడల్స్ ఉన్నా అన్నీ అనలాగ్ అయితే డైసీ చైన్ హాయిగా పనిచేస్తుంది, అనవసరంగా డబ్బులు పెట్టకండి. డిజిటల్‌ది ఒక్కటి చేరితే మాత్రం ఐసొలేటెడ్ సప్లై గురించి ఆలోచించాలి.

ఆన్‌లైన్‌లో ఎనిమిది అవుట్‌పుట్ల డబ్బాల మీద "ఐసొలేటెడ్" అని రాసి అమ్మేవి బోలెడున్నాయి. కొన్నిటి లోపల ఉన్నది డైసీ చైనే. పట్టుకోవడం తేలిక. డబ్బాని గోడ నుంచి తీసేయండి, పెడల్స్ కూడా తీసేయండి. మల్టీమీటర్‌ని కంటిన్యుయిటీలో పెట్టి, ఒక అవుట్‌పుట్ ప్లగ్ లోపలి మెటల్‌కీ ఇంకో అవుట్‌పుట్ ప్లగ్ లోపలి మెటల్‌కీ తగిలించండి. బీప్ వచ్చిందా, గ్రౌండ్ కలిసే ఉంది. రిటర్న్ పెట్టేయండి.

అలాగే, పాత రకం జెర్మేనియం ఫజ్‌లు చాలావాటికి పాజిటివ్ గ్రౌండ్ ఉంటుంది. మిగతా పెడల్స్‌తో ఒకే చైన్‌లో పెడితే సప్లై షార్ట్ అవుతుంది. వాటికి బ్యాటరీ పెట్టి గొడవ వదిలించుకోండి.

ఇప్పుడు పెడల్స్ కాలిపోయే చోటుకి వద్దాం. ఎక్కువ పెడల్స్‌కి కావాల్సింది 9 వోల్ట్, సెంటర్ నెగెటివ్. అంటే పిన్ను మధ్యలో మైనస్. మన ఇంట్లో వైఫై రూటర్ అడాప్టర్లు చూడండి, సాధారణంగా మధ్యలో ప్లస్. దరిద్రం ఏంటంటే ప్లగ్ సైజు సరిగ్గా పడుతుంది. నాకు తెలిసిన ఒక కుర్రాడు, చర్చిలో వాయిస్తాడు, ఆదివారం పొద్దున అడాప్టర్ కనిపించక రూటర్‌ది పట్టుకెళ్ళాడు. కాస్త కాలిన వాసన వచ్చింది, అంతే, ఆ రోజు గిటార్ నేరుగా ఆంప్‌లోకి. అదృష్టం కొద్దీ లోపల రక్షణకి పెట్టిన డయోడ్ ఒక్కటే పోయింది. అన్నిటికీ ఆ డయోడ్ ఉండదు. అడాప్టర్ మీద చిన్న బొమ్మ ఉంటుంది, మధ్య చుక్క నుంచి గీత ఏ గుర్తుకి వెళ్తుందో చూసి గుచ్చండి.

వోల్టేజ్ కూడా అంతే. 12 వోల్ట్ కదా, కొంచెమే ఎక్కువ కదా అనుకోవద్దు. క్లాన్ సెంటార్‌లో ఉన్న మాక్స్ 1044 చిప్ తట్టుకునేది 10.5 వోల్ట్‌ల వరకే. దాన్ని కాపీ కొట్టిన పెడల్స్‌లోనూ చాలావాటిలో అదో, అలాంటిదో ఉంటుంది. మిల్లీ ఆంప్స్ ఎక్కువైతే మాత్రం భయం లేదు. ట్రూటోన్ వన్ స్పాట్ 1700 ఇవ్వగలదు, 5 కావాల్సిన పెడల్ 5 మాత్రమే తీసుకుంటుంది. తక్కువైతేనే సమస్య.

పవర్ బ్యాంక్‌కి 9 వోల్ట్ స్టెప్ అప్ కేబుల్ పెట్టుకోవచ్చా అని కూడా అడుగుతారు. డిజిటల్ పెడల్‌కి పర్లేదు. ఒక్క ఓవర్‌డ్రైవ్ పెడితే, ఇంత తక్కువ లాగుతోందేంటి, ఫోన్ ఫుల్ అయిపోయిందేమో అనుకుని చాలా పవర్ బ్యాంకులు కాసేపటికి ఆగిపోతాయి. పైగా ఆ కేబుల్ సొంత సన్నాయి వినిపిస్తుంది.

పందిట్లో, జనరేటర్ మీద వాయించేవాళ్ళకి ఒకటి గట్టిగా చెప్పాలి. పెడల్స్ అన్నీ బ్యాటరీ మీద ఉన్నాయి కాబట్టి షాక్ కొట్టదు అనుకోకండి. మీ స్ట్రింగ్స్ కేబుల్ ద్వారా ఆంప్ బాడీకి కలిసి ఉంటాయి. 1972లో స్వాన్సీలో, స్టోన్ ది క్రోస్ గిటారిస్ట్ లెస్ హార్వీ సరిగ్గా ఎర్త్ లేని మైక్ పట్టుకుని స్టేజీ మీదే చనిపోయాడు. హమ్ వస్తోందని ఆంప్ మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ పీకేయమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు, వినకండి. మైక్‌కి పెదవి ఆనించే ముందు వేలి వెనక వైపుతో తాకి చూడటం కూడా పరీక్ష కాదు. మీటర్‌తో మైక్‌కీ స్ట్రింగ్స్‌కీ మధ్య ఏసీ వోల్టేజ్ చూడండి. కనిపిస్తే సౌండ్ వాళ్ళు సరిచేసేదాకా వాయించకండి.

చివరగా, నేను అందరికీ ఒక కొత్త ఆల్కలైన్ బ్యాటరీ బ్యాగులో పెట్టుకోమంటాను, అన్నీ సప్లై మీద నడిపేవాళ్ళకి కూడా. బోర్డులో రొద వచ్చిందనుకోండి, కోడ్‌లో బగ్ వెతికినట్టే, ఒక్కో పెడల్‌ని అడాప్టర్ నుంచి తీసి బ్యాటరీ మీద పెట్టి చూడండి. ఏది మార్చగానే రొద ఆగిందో, సప్లైలో గొడవ దానితోనే. ఏది మార్చినా ఆగలేదంటే పవర్‌ని వదిలేసి కేబుల్స్, గిటార్ పికప్స్ వైపు చూడండి. ఆ కేబుల్స్ సంగతి వచ్చే ఎపిసోడ్‌లో. ఉంటానండి.