తాతయ్య రేకు డబ్బా

ఇవాళ నా ముందు బల్ల మీద ఒక డబ్బా కనిపిస్తోంది కదా. బిస్కెట్ల రేకు డబ్బా. మూత మీద బొమ్మ ఎప్పుడో చెరిగిపోయింది. ఇందులో నాణేలు ఉన్నాయనుకుంటారేమో, లేవు. నాణేలు వేరే చోట ఉన్నాయి. ఇందులో ఉన్నవి మా తాతయ్య నాణేలు చూసుకోవడానికి వాడిన సామాను. ఒక భూతద్దం, ఒక అయస్కాంతం ముక్క, ఒక బుల్లి త్రాసు, ఒక ఆల్బం. ఇంతే. ఇవాళ వీటి గురించే మాట్లాడుకుందాం.

ముందు భూతద్దం. పిడి విరిగితే తాతయ్య దారం చుట్టి పెట్టుకున్నాడు. నాకు మొదట చూపించింది ఏంటంటే, మన రూపాయి బిళ్ళ మీద సంవత్సరం కింద ఉండే గుర్తు. నక్షత్రం ఉందా, అది మన హైదరాబాద్ టంకశాలలో కొట్టింది. వజ్రం ఆకారం ఉందా, బొంబాయి. చిన్న చుక్క ఉందా, నోయిడా. ఏమీ లేదా, కలకత్తా. అప్పటినుంచి కిరాణా కొట్టువాడు చిల్లర ఇస్తే చాలు, ముందు నక్షత్రం వెతికేవాణ్ణి. ఇప్పటికీ ఆ అలవాటు పోలేదు. బస్సులో కండక్టరు నన్ను అదోలా చూస్తాడు.

ఈ అద్దంతోనే 1911 నాటి రూపాయి కథ కూడా చెప్పాడు. దాని మీద అయిదో జార్జి రాజు బొమ్మ. రాజుగారి వస్త్రం మీద వేలాడే హారంలో ఒక బుల్లి ఏనుగు ఉంటుంది. చెక్కినాయన తొండం సరిగా పడేట్టు చెక్కలేదు. జనానికి అది పందిలా కనపడింది. ఇంకేముంది, గొడవ! 1912 నాణేలకల్లా ఆ ఏనుగును దిద్ది కొట్టారు. మామూలు కంటికి అది ఒక మచ్చ. అద్దం పెడితే అదొక చరిత్ర. మా ఇంట్లో ఆ నాణెం లేదండీ, తాతయ్య ఎవరి దగ్గరో చూసి వచ్చి చెప్పాడంతే.

అయస్కాంతం పాత రేడియో స్పీకర్లోంచి పీకింది. దీని పని చాలా తేలిక. 1947 రూపాయి ఉంది కదా, వెనక పులి బొమ్మ ఉంటుంది, అది నికెల్. టక్కున అతుక్కుంటుంది. వెండి అతుక్కోదు. ఎవరైనా ఆ పులి బిళ్ళను వెండి అని అంటగట్టబోతే తాతయ్య మాట్లాడేవాడు కాదు, జేబులోంచి ఈ ముక్క తీసేవాడు. అయితే అతుక్కోనంత మాత్రాన వెండి అయిపోదు. సీసమూ అతుక్కోదు, రాగి కలిసిన నికెల్ బిళ్ళా అతుక్కోదు. అందుకే త్రాసు.

ఇదిగో, చూడండి. కంసాలి త్రాసు. దండె నా చిటికెన వేలంత లావు కూడా లేదు, ఇత్తడి సిబ్బెలు. తూకానికి గురివింద గింజలు. పాత వెండి రూపాయి సరిగ్గా ఒక తులం, అంటే 11.66 గ్రాములు. తులానికి లెక్క ప్రకారం 96 గింజలు. మేం లెక్కపెట్టి వేసేవాళ్ళం. 90 గింజలకే తూగిందంటే బాగా అరిగిందైనా అయ్యుండాలి, దొంగదైనా అయ్యుండాలి. కానీ ఈ త్రాసునూ మోసం చేసే రూపాయి ఒకటుంది. 1940 నుంచి ప్రభుత్వమే వెండి తగ్గించేసింది. అంతకుముందు నూటికి 91 పాళ్ళకు పైగా ఉండేది, సగానికి దించారు. బరువు మాత్రం అదే ఉంచారు! అక్కడ త్రాసు పనికిరాదు, సంవత్సరం చదువుకోవాల్సిందే.

ఇప్పుడు నాలుగైదు వందలకి బ్యాటరీ త్రాసు వస్తుంది, దీనికంటే నికరంగా తూస్తుంది. నిజం ఒప్పుకోవాలి. గింజల్లో కూడా పెద్దా చిన్నా ఉంటాయి. పాతదే గొప్పదని నేననను.

ఆల్బం సంగతైతే అసలు చెప్పకపోవడమే మంచిది. ప్లాస్టిక్ జేబుల ఆల్బం, అప్పట్లో మాకదే పెద్ద దర్జా. ఆ మెత్తని పి.వి.సి. ప్లాస్టిక్కే రాగి నాణేలకు జిగురుగా పచ్చటి పొర పట్టించింది. మీ ఇళ్ళల్లో అలాంటి ఆల్బం ఉంటే ఇవాళే తీసి చూడండి.

ఆ పచ్చ పొర చూసే నేను ఒక ఘనకార్యం చేశాను. నాకు పదేళ్ళు. దీపావళి ముందు అమ్మ ఇత్తడి సామాను చింతపండుతో తోముతోంది. నేను తాతయ్య కాణీలు, అర్ధణాలు పదహారు పట్టుకెళ్ళి, చింతపండూ బూడిదా వేసి తళతళా తోమేశాను. మెచ్చుకుంటాడని తీసుకెళ్ళి చేతిలో పోశాను.

ఆయన తిట్టలేదు. భూతద్దం నా చేతికిచ్చి, "చూడరా" అన్నాడు. చూశాను. రాజు ముఖం నిండా గీతలు. వందేళ్ళుగా పట్టిన ఆ ముదురు రంగు పోయింది. అదే నాణేనికి విలువ. "నువ్వు చూసి నేర్చుకుంటావని ఈ అద్దం నీకిచ్చాను, చూడకుండా తోమావు" అన్నాడు. అంతే. అన్నానికి లేచాడు. ఆ రాత్రి నేను తినలేదు.

ఇదంతా ఇవాళ ఎందుకంటే, ఈమధ్య మా బాబాయి ఒకాయన ఫోన్ చేశాడు. 2012 వైష్ణోదేవి అయిదు రూపాయల బిళ్ళకి పది లక్షలిస్తామని ఎవరో అన్నారట. ముందు పన్ను కట్టాలంటే నాలుగు వేలు పంపేశాడు. ఆ తర్వాత ఇంకో ఎనిమిది వేలు. నాణెం ఇంకా ఆయన దగ్గరే ఉంది, డబ్బే పోయింది. 2021 ఆగస్టులోనే రిజర్వ్ బ్యాంకు స్పష్టంగా చెప్పింది. పాత నోట్లు, నాణేల అమ్మకాల్లో తమకు సంబంధం లేదు, తాము ఏ ఛార్జీలూ కమీషన్లూ అడగం, తమ పేరుతో వసూలు చేయమని ఎవరికీ అధికారం ఇవ్వలేదు అని. దయచేసి మీ ఇంట్లో పెద్దవాళ్ళకి ఈ మాట చెప్పండి. లక్షల్లో జనం చేతుల్లో ఉన్న నాణేనికి లక్షలు ఎవరిస్తారండీ?

బాబాయిని ఆదివారం ఇంటికి రమ్మన్నాను. ఆ బిళ్ళ కూడా తెమ్మన్నాను. ఆయనకిప్పుడు డెబ్భై దాటాయి, చూపు తగ్గింది. దాని మీద ఏ గుర్తుందో ఈ దారం చుట్టిన అద్దంలోంచి ఇద్దరం కలిసి చూస్తాం.

వచ్చే ఎపిసోడ్‌లో నిజాం కాలపు చార్మినార్ నాణేలు చూద్దాం. ఉంటానండీ, నమస్కారం.