ఊరిచెరువు - ఛాయాచిత్రము

చేతికి కెమెరా వచ్చిన వెంటనే మన మనస్సు కాశ్మీరమునకో, ఆగ్రాకో పరుగిడును. ఊరిచెరువు మాత్రము కంటికానదు. మేమును చిరకాలము అట్లే తలచితిమి.

ఆ తలపును మార్చినది దొరవారిసత్రము చెంతనున్న నేలపట్టు. ఒకప్పుడు నెల్లూరు జిల్లాలోనిదై, 2022లో తిరుపతి జిల్లాలో చేరిన పల్లె యిది. ఇచ్చటి చెరువు 1976లో పక్షి సంరక్షణ కేంద్రమైనది. వానలు కురిసి నీరు నిండగానే కడపచెట్లపై గూడబాతులు గూళ్ళు కట్టుకొనును. పులికాటు సరస్సున చేపలు పట్టి తెచ్చి పిల్లలకు పెట్టును. రెట్టలు కలిసిన నీరు పైరుకు బలమని రైతులు ఈ పక్షులను కాచుకొనుచు వచ్చిరి. పక్షి, చెరువు, పైరు మూడును ఇచ్చట ఒకే పటమున ఇముడును.

ప్రొద్దు పొడుచు వేళ వెలుగు ప్రక్కనుండి పడునట్లు నిలిచినచో ఈకల పొరలు సైతము తేటపడును. తల్లి గొంతుసంచిలో పిల్ల ముక్కు దూర్చు క్షణమునకై మాత్రము ఓర్పుతో వేచియుండవలెను.

ఒకనాడు ఆ ఓర్పు మాకు చాలలేదు. గూటివైపు నాలుగడుగులు వేయగానే తల్లి లేచిపోయెను. చుట్టును కాకులు మూగెను. సిగ్గుపడి వెనుకకు మరలితిమి. తల్లి తిరిగి వాలువరకు మా మనస్సు కుదుటపడలేదు.

పటము ఒకటి తప్పినను రేపు మరియొకటి దొరకును. కాకిపాలైన గ్రుడ్డు మరల రాదు. కావున రేపు ఉదయము మీ ఊరి చెరువుకట్టపై ఒక గడియ కదలక కూర్చుండి చూడుడు. ఎదుటనున్నది చక్కగా కనబడిన తరువాతనే కెమెరా పైకెత్తుడు.