బొగ్గుపులుసు వాయువు – విద్యుత్తు – మన గ్రామములు
(ప్రసంగ పాఠము)



ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఒక ప్రక్క బౌద్ధనగర్, మరొక ప్రక్క తార్నాక కలవు. తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ 1944లో ప్రయోగశాలగా వెలసి, 1956లో ప్రాంతీయ పరిశోధనాలయమై, 1989లో నేటి పేరు పొందినది. బోయినపల్లి మార్కెట్టులో కూరగాయల చెత్తనుండి గ్యాసు తీయు కేంద్రము ఈ సంస్థ రూపొందించిన పద్ధతిపైననే నెలకొల్పబడినది.

ఆ గ్యాసులోగాని, మన గోబర్ గ్యాసులోగాని మండునది మీథేను. సుమారు మూడవవంతు మండని బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు. దీనిని విద్యుత్తుచే సరుకుగా మార్చు విధానమును గూర్చి నేడు మనవి చేయదలచితిమి.

లవణము కరగిన నీటిలో లోహపు రేకులుంచి, ఈ వాయువును పంపుచు విద్యుత్తును ప్రసరింపజేయుదురు. వెండి రేకుపై ముఖ్యముగా కార్బన్ మోనాక్సైడు, తగరపు రేకుపై చీమకుట్టులోనుండు ఫార్మిక్ ఆమ్లపు లవణము పుట్టును. రాగి రేకుపై, ఇతర పదార్థములతోపాటు, ప్లాస్టిక్కునకు మూలమగు ఇథిలీను లభించును. కాని చివరి మడికి చేరవలసిన కాలువనీరు నడుమ గండిపడి పోవునట్లు, విద్యుత్తులో కొంత భాగము నీటిని విడగొట్టి ఉదజనిని పుట్టించుటకే పోవును.

ఆ గండి పూడ్చుటకే ద్రావణములో చేర్పు పదార్థములను కలుపుదురు. పొటాషియం, సీసియం వంటి లోహ అయానులు రేకు చెంత చేరి, బొగ్గుపులుసు వాయువు మార్పునకు తోడ్పడును. అట్టి అయానులు బొత్తిగా లేనిచో బంగారము, వెండి, రాగి రేకులపై ఆ మార్పే కానరాలేదని 2021లో వెలువడిన పరిశోధన తెలిపినది. 2011లో అమెరికా శాస్త్రజ్ఞులు అయానిక ద్రవమును కలిపి, వెండి రేకుపై ప్రవాహములో 96 శాతమును కార్బన్ మోనాక్సైడు తయారీకే మళ్ళించగలిగిరి. ఆ ప్రయోగము నడచినది ఏడు గంటలు.

విద్యుత్తు బొగ్గు కాల్చి తెచ్చినదైనచో, మార్చిన వాయువుకంటె పొగగొట్టమున వెలువడునదే ఎక్కువ కావచ్చును. సౌరవిద్యుత్తువంటిదే దీనికి తగినది. క్షార ద్రావణమైనచో వాయువులో కొంత కార్బనేటుగా మారి, ఆ లవణము పేరుకొని పరికరము పూడుకొనిపోవును.

కావున ఇట్టి యంత్రమునకై ఎవరైనను పంచాయతీ నిధిని కోరినచో మూడు ప్రశ్నలు వేయుడు. విద్యుత్తు ఎక్కడిది? యంత్రము ఎన్ని నెలలు ఆగక నడచినది? సరుకు కొనువారెవరు? తగిన సమాధానము లభించువరకు ఆ సొమ్మును గ్రామమున మూలబడిన గోబర్ గ్యాసు తొట్లను బాగుచేయుటకు వినియోగింపుడు. వాని ఫలము ఈ యేడే మన వంటయిండ్లకు చేరును.