తాళపుచెవి యిచ్చినవాడే ముద్దాయి

(పిఠాపురమున గ్రంథాలయసభలో చేయబడిన యుపన్యాసపు పాఠము)



ఈ సాయంకాలము నేను ప్రసంగింపబోవు విషయము సభలలో వినుటకు ఇంపైనది కాదు. మన ఇండ్లలోని బాలురు మద్యము ముట్టుటను గూర్చియు, ఆ మత్తులో బండి నడపుటను గూర్చియు, అట్టియెడ శాసనము ఎవరిని పట్టుకొనునను దానిని గూర్చియు నాలుగు మాటలు మనవి చేసెదను. ఈ విషయమున మనలో ఒక మాట తరచుగా వినవచ్చుచున్నది: “వాడు చిన్నవాడు గదా, కేసేమి యుండును?” అని. ఈ మాటలో సగము నిజము కలదు. చిన్నవానిపై శాసనము దయ చూపుట నిజమే. కాని ఆ దయలో తండ్రికి భాగము లేదు. నేను చెప్పదలచినదంతయు నింతియే.

కత్తిపూడి నుండి గొల్లప్రోలు, పిఠాపురముల మీదుగా కాకినాడకు పోవు జాతీయరహదారి మన వాకిటనే యున్నది. పాదగయకు వచ్చు యాత్రికులును, బడికి పోవు పిల్లలును, ధాన్యపు లారీలును ఆ త్రోవనే పంచుకొనవలసి యున్నవి. సంక్రాంతి మూడు దినములును కోడిపందెముల బరులచెంత ఏమి జరుగునో గోదావరి మండలములవారికి నేను చెప్పనక్కరలేదు. మీసము మొలవని పిల్లవాడు తండ్రి మోటారుసైకిలు నెక్కి, వెనుక నిద్దరిని కూర్చుండబెట్టుకొని దూసికొని పోవుచుండగా, “మావాడు అప్పుడే బండి నేర్చినాడు” అని మురియు పెద్దలు మనలో లేరా?

శాసనము నాలుగు వయస్సులకడ నాలుగు గీతలు గీచినది. వానిని మనము కలగాపులగము చేయుచున్నాము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము 16 ఏండ్లు నిండినవాడు 50 ఘనసెంటీమీటర్లకు మించని ఇంజను గల మోటారుసైకిలు మాత్రమే నడపవచ్చును. మనము నిత్యము చూచు బండ్లన్నియు అంతకు మించినవే; వానికి 18 ఏండ్లు నిండవలెను, లైసెన్సు ఉండవలెను. ఆంధ్రప్రదేశమున 21 ఏండ్లు నిండనివానికి మద్యము విక్రయింపరాదు. నాలుగవ గీత 25వ ఏట నున్నది. దానిని గూర్చి పిమ్మట చెప్పెదను.

ఇచట ఒక చిక్కు గలదు. మనకు కూతవేటు దూరముననే యానాము కలదు. అది పుదుచ్చేరి పాలనలోనిది. అచట మద్యము కొనుటకు 18 ఏండ్లు చాలును. మన కుర్రవాడు అచ్చటికి పోయి త్రాగినచో అచ్చటి యబ్కారీ చట్టము వాని నేమియు ననకపోవచ్చును. కాని మోటారు చట్టము దేశమంతటికి నొక్కటే. త్రాగి బండెక్కినవానికి యానామైనను, కాకినాడయైనను భేదము లేదు. 100 మిల్లీలీటర్ల రక్తమున మద్యసారము 30 మిల్లీగ్రాములకు మించెనా, మొదటి తప్పునకు 6 మాసములవరకు ఖైదు గాని, 10,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. మరల చేసినచో 2 ఏండ్లవరకు ఖైదు గాని, 15,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని. 18 నిండి 21 నిండనివాడు త్రాగుటకు చిన్నవాడేయైనను, శిక్ష ననుభవించుటకు పూర్తిగా పెద్దవాడు. బాలుడనని చెప్పుకొని తప్పించుకొను దారి వానికి లేదు.

ఇక 18 నిండనివాని సంగతి. 2019వ సంవత్సరపు సవరణతో మోటారు చట్టమున 199-ఎ అను సెక్షను చేరినది. బాలుడు బండి నడపి ఆ చట్టము క్రింద అపరాధము చేసినచో, వాని సంరక్షకుడు లేక బండి యజమానియే దోషిగా నెంచబడును. శిక్ష 3 ఏండ్లవరకు ఖైదు, 25,000 రూపాయల జరిమానా. ఆ బండి రిజిస్ట్రేషను 12 మాసములపాటు రద్దగును. ఆ బాలునికి 25 ఏండ్లు నిండువరకు లైసెన్సు దొరకదు. నాలుగవ గీత యిదియే. చదువు ముగించి ఉద్యోగమునకు పోవలసిన వయస్సున బండి నడపు హక్కు లేక యుండుట ఎట్టిదో తలిదండ్రులు యోచింతురుగాక. అంతేకాదు, బండిని పెద్దల సమ్మతితోనే తీసికొనెనని న్యాయస్థానము ముందుగనే భావించును. “నాకు తెలియకుండ తీసికొనిపోయెను” అని వాదించువాడు, తనకు తెలియదనియో, తగిన జాగ్రత్త పడితిననియో తానే ఋజువు చేయవలెను. గోడమేకునకు తాళపుచెవి వ్రేలాడదీసి నిద్రించినవాని కది సులభము కాదు.

మద్యము పోసిన చేతికి శాసనము మరింత కఠినముగా నున్నది. 2015వ సంవత్సరపు బాలన్యాయ చట్టము 77వ సెక్షను ప్రకారము, వైద్యుని యాజ్ఞ లేక 18 నిండని బిడ్డకు మద్యము గాని, పొగాకు గాని ఇచ్చినవానికి, ఇప్పించినవానికి 7 ఏండ్లవరకు కఠినశిక్ష, లక్ష రూపాయలవరకు జరిమానా విధింపవచ్చును. అంగడివాడే ఇచ్చి యుండవలెనని అందు లేదు. పెండ్లి విడిదిలో “ఒక్క గుక్కెడేలేరా” అని పోసిన మేనమామయు ఆ మాట పరిధిలోనివాడే.

నష్టపరిహారము మరియొకటి. లైసెన్సు లేనివాడని తెలిసియు బండి యిచ్చినచో, భీమా కంపెనీ మొదట బాధితునికి చెల్లించి పిదప ఆ మొత్తమును యజమాని నుండి రాబట్టుకొనవచ్చునని సుప్రీముకోర్టు 2004లో నిర్ణయించినది. ఒక్క సాయంకాలపు ముచ్చటకు తాతలనాటి మాగాణి చెల్లిపోవచ్చును.

మరి బాలుని గతి యేమి? వానిని పోలీసు ఠాణా కొట్టులో నుంచరాదు, జైలునకు పంపరాదు. 24 గంటలలో బాలన్యాయమండలి ముందు నిలుపవలెను. ఆ మండలిలో ఒక మేజిస్ట్రేటును, ఇద్దరు సంఘసేవకులును ఉందురు. ఆ యిద్దరిలో నొకరైనను స్త్రీ కావలెను. మందలించుట, సమాజసేవ చేయించుట, మంచి నడవడికి పూచీ తీసికొని విడుచుట, మిక్కిలి అవసరమైనచో 3 ఏండ్లకు మించకుండ ప్రత్యేకగృహమున నుంచుట, ఇవి మండలి చేతిలోని మార్గములు. వాని పేరు పత్రికలలో వేయరాదు. కనీసశిక్ష 7 ఏండ్లకు తగ్గని ఘోరాపరాధములలో మాత్రము, 16 నిండినవానిని పరీక్షించి పెద్దవానివలె విచారింపవచ్చును.

ఇవి కాగితముపై మాటలు కావు. 2016 జూలై 1వ తేదీన హైదరాబాదు పంజాగుట్ట ప్రాంతమున, త్రాగి వచ్చుచున్న ఇంజనీరింగు విద్యార్థుల కారు అడ్డుగట్టు దాటి ఎదుటి కారుపై పడెను. పదేండ్ల బాలికయు, ఆమె పినతండ్రియు మరణించిరి. నడపినవానికి 21 ఏండ్లైన నిండలేదు. వారికి మద్యము పోసినదెవరు అను ప్రశ్న నాడు తెలుగుదేశమంతట మారుమ్రోగినది. ముంబయిలో 2006 నవంబరులో 21 ఏండ్ల యువకుడు మత్తులో నడపిన కారు క్రింద రోడ్డుప్రక్క నిద్రించుచున్న కూలీలు ఏడుగురు చనిపోయిరి. అది కేవలము అజాగ్రత్త గాదు, హత్య కాని నరహత్యయే యని తేల్చి, 3 ఏండ్ల శిక్షను 2012లో సుప్రీముకోర్టు స్థిరపరచినది.

పూనా నగరమున 2024 మే మాసమున 17 ఏండ్ల బాలుడు నడపిన కారు ఇద్దరు యువ ఇంజనీర్లను బలిగొన్నది. ప్రమాదములను గూర్చి 300 మాటల వ్యాసము వ్రాయుమని మండలి మొదట విధించిన షరతును విని దేశమెల్ల కోపించినది. బాలుని పెద్దవానివలె విచారింప నక్కరలేదని 2025 జూలైలో మండలి నిర్ణయించినది. కాని అదే కేసులో బాలుని తండ్రియు, మద్యము పోసిన బారులవారును, రక్తపు నమూనా మార్చిరను నారోపణపై వైద్యులును నిర్బంధింపబడిరి. బాలుని విడిచిన శాసనము చుట్టునున్న పెద్దల నెట్లు చుట్టుకొన్నదో చూడుడు.

“ప్రాణము తీసినవానికి బాల్యమేమి? ఉరిదీయవలె” నను ఆవేశమును నే నెరుగుదును. బిడ్డను కోల్పోయిన తల్లి ఆ మాట యన్నచో, ఆమెకు బదులు చెప్పు సాహసము నాకు లేదు. కాని మనము తల్లులము గాము. తీరికగా యోచింపగల సభికులము. పదునేడేండ్లవాడు మద్యము తయారు చేయలేదు, అమ్మలేదు, బండి కొనలేదు. ఈ మూడును పెద్దలు చేసిన పనులే. వానిని శిక్షించి పెద్దలను విడుచుట కంటె, వానిని దిద్ది పెద్దలను నిలదీయుటయే న్యాయము. అయితే పేదవాని కొడుకును పట్టి ధనికుని కొడుకును విడిచినచో ఈ న్యాయమంతయు బూటకమగును. ఇంటి పాలేరును ముందుకు త్రోసి “బండి నడపినది వీడే” యని చెప్పించువారు రెండవ నేరము చేయుచున్నారు. తమ బిడ్డకు మొదటి నేరముకంటె చెడ్డ పాఠము నేర్పుచున్నారు.

మద్యమును గూర్చి మన చరిత్ర తలుపులు మూయుటయు తెరచుటయునై సాగినది. పిఠాపురపు రాజావారి కళాశాలకు అధ్యక్షులై వెలసిన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు విద్యార్థులకు పానవిసర్జనమును జీవితవ్రతముగా బోధించిరి. 1921లో కల్లుదుకాణముల యెదుట మనవారు పికెటింగు చేసిరి. 1948 నాటికి మదరాసు రాష్ట్రమంతట మద్యనిషేధము వచ్చినది, తరువాత సడలినది. దూబగుంట స్త్రీల యుద్యమము పిమ్మట 1995లో ఆంధ్రప్రదేశమున మరల వచ్చినది, 1997లో పోయినది. కాని బాలుని రక్షించు శాసనము మాత్రము 1920 నాటి మదరాసు బాలల చట్టము మొదలు నేటివరకు ముందునకే నడచినది. అంగడి యుండవలెనా, వలదా యని మనము వాదించుకొనవచ్చును. బాలుని చేతికి సీసా పోరాదను విషయమున మనలో వాదము లేదు గదా!

కావున మూడు మనవులు. బండి తాళపుచెవిని బీరువాలో నుంచుడు. పెండ్లిండ్లలో, పందెములలో పిల్లవాని చేతికి గ్లాసు అందించు బంధువును, ఎంతటి పెద్దవాడైనను, అందరి ముందరనే వారింపుడు. మీ బిడ్డయే తప్పు చేసినచో దాచకుడు. చేయి పట్టుకొని మండలి ముందునకు మీరే తోడుగా వెళ్ళుడు. ఆ దినమున వాడు మిమ్ము చూచి నేర్చుకొనునది ఏ శిక్షయు నేర్పలేదు.

ఈ సభ ముగిసి మీ రిండ్లకు పోవునప్పటికి మీ బండి యచటనే యున్నదో లేదో, లేకున్నచో ఎవరు తీసికొనిపోయిరో, ఈ రాత్రియే యడుగుడు. సెలవు.