మన నేల మీద నిలిచిందే మన విత్తనం
(ప్రసంగ పాఠం)

 

నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడినం. 2014 జూన్ 2న రాష్ట్రం తెచ్చుకున్నం. ఆ మూడింటి పక్కన నిలవాల్సిన మాట ఇంకొకటి ఉన్నది. అది విత్తనం. మనం వేసే విత్తనాన్ని ఏ నేల మీద, ఏ పురుగు ముందు పరీక్ష పెట్టిండ్రని అడగడం కూడా స్వపరిపాలనే. ఈ రోజు ఆ ఒక్క ముచ్చట మాట్లాడుకుందాం.

వరంగల్, కరీంనగర్ దిక్కు వరి వేసే ఇంట్ల ఉల్లికోడు పేరు తెల్వనోళ్లు ఉండరు. దోమంత ఈగ అది. దాని పిల్లపురుగు పిలకలోకి చొచ్చి, మొలిచే చోటనే తింటది. ఆకు విప్పుకోవాల్సిన చోట ఉల్లికాడ లాంటి తెల్లటి గొట్టం వస్తది. ఆ పిలక ఇక కంకి వేయదు. గొట్టం కంటబడ్డంక ఎంత మందు కొట్టినా పోయిన పిలక తిరిగి రాదు. మందుల దుకాణంల అప్పు మాత్రం మిగులుతది. అందుకే ఉల్లికోడును ఆపాలంటే ముందు తట్టుకునే విత్తనం కావాలె.

తట్టుకుంటదని ఎట్ల తెలుస్తది? పరిశోధన పొలంలో రైతు చేసేదానికి తలకిందులుగా చేస్తరు. పురుగు దండిగా రావాలని అదును దాటినంక నాటు వేస్తరు. మందు చుక్క కొట్టరు. పరీక్షించే రకాల నడుమ తైచుంగ్ నేటివ్-1 అనే తట్టుకోలేని రకాన్ని సాళ్లుగా పెడతరు. నాటిన 30 రోజులకు, మళ్లీ 50 రోజులకు గొట్టాలు లెక్కబెడతరు. ఆ తట్టుకోలేని సాళ్లు బాగా దెబ్బతింటేనే పరీక్ష చెల్లుతది. అవి కూడా పచ్చగా ఉన్నయంటే అక్కడ పురుగే రాలేదని అర్థం. పురుగు రాని చోట ప్రతి రకమూ పాసే! ఈ మాట యాదిపెట్టుకోండి. మన వాదమంతా దీని మీదనే నిలబడ్డది.

ఇంకో సంగతి. ఉల్లికోడు అంతటా ఒక్కటి కాదు. మన దేశంలో ఏడు తెగలను శాస్త్రవేత్తలు గుర్తించిండ్రు. కంటికి అన్నీ ఒక్క తీరే. ఏ వరిని పడగొడతదనే దాన్ని బట్టి తేడా బయటపడుతది. ఈశ్వరకోర అనే పాత రకం నుంచి వచ్చింది డబ్ల్యూ-1263. సియామ్-29 నుంచి వచ్చింది ఫల్గుణ. కటక్ పురుగు ముందు ఫల్గుణ నిలిచింది, డబ్ల్యూ-1263 పడిపోయింది. మన జగిత్యాల పురుగు ముందు సరిగ్గా తారుమారు. శ్రీకాకుళంలో రెండూ పడిపోయినయి, ఏఆర్‌సీ-5984 నిలిచింది. ఆ తర్వాత వరంగల్‌లో బయటపడిన తెగ ఆ మూడింటినీ పడగొట్టింది.

ఎందుకిట్లయితది? ఒకే జన్యువు ఉన్న రకాన్ని వేల ఎకరాల్లో ఏండ్ల తరబడి వేస్తే, దాన్ని తిని బతకగలిగిన కొన్ని పురుగులే మిగులుతయి. వాటి సంతానమే పెరుగుతది. అంటే పరీక్ష అనేది ఒక్కసారి పాసయ్యి సర్టిఫికెట్ అటక మీద పెట్టుకునే పదో తరగతి కాదు. ఏటేటా, చోటు చోటునా మళ్లీ మళ్లీ పెట్టాల్సిందే.

1986లో విడుదలైన బాపట్ల సాంబ మసూరి మన పొలాల్ని ముంచెత్తింది. అన్నం బాగుంటది, ధర వస్తది. కాని ఉల్లికోడును తట్టుకోదు. తప్పు గింజది కాదు, దాన్ని తీసిన శాస్త్రవేత్తలదీ కాదు. కృష్ణా, గోదావరి డెల్టాలో పెద్ద గండం దోమపోటు. ఉత్తర తెలంగాణలో ఉల్లికోడు. శ్రీకాకుళం, విజయనగరం రైతుదీ మన బాధే. మన కొట్లాట ఏనాడూ రైతు మీద కాదు. ఒక చోట కుదిరిన కొలతనే అందరికీ కొలత చేసే పద్ధతి మీద.

ఇప్పుడు నెపం చెప్పడానికి ఇంకొకరు లేరు. వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ప్రొఫెసర్ జయశంకర్ సారు పేరు పెట్టుకున్నం. వరంగల్‌లో, జగిత్యాలలో పరిశోధన స్థానాలు మనవే. కనుక మనం అడిగేవి మూడే. ఒకటి, ఏ వరి రకమైనా మన పురుగు ముందు మన నేల మీద పరీక్ష పాసైనంకనే రైతుకు సిఫారసు చెయ్యాలె. రెండు, ఏ రకం ఏ జిల్లాల ఏ పురుగును తట్టుకుంటదో, దేన్ని తట్టుకోదో విత్తనం కొనేముందే రైతుకు తెలుగుల చెప్పాలె. మూడు, ఏటా గొట్టాలు లెక్కబెట్టే మనుషులకు, పొలాలకు పైసలు ఆపొద్దు. కోతలు పెట్టేటప్పుడు మొదలు కనబడని పని ఇదే.

వ్యవసాయం చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు పోయి ఆ పరీక్ష మడుల్ని చూడండి. ఊళ్లకొచ్చి చూసింది చెప్పండి. వ్యవసాయ శాఖల పనిచేసే అన్నలూ, ఫలితాల్ని ఫైళ్లల్ల దాచకండి. రాష్ట్రం వచ్చిందని రైతుకు తెలిసేది జెండా చూసి కాదు, మడిల కంకి చూసి.

జై తెలంగాణ!