పెరటిలో చిన్న యిల్లు
(సంఘ సభ్యుల సమావేశమున చదివిన ఉపన్యాస పాఠము)



బెంగుళూరులో మూడు నాలుగు తరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో నేడు తఱచుగా వినబడుచున్న ప్రశ్న యొకటి కలదు. తాతగారు కట్టించిన యిల్లు పాతబడినది. కుమారునకు వివాహమైనది. ఒక కుటుంబమునకు చాలిన వంటిల్లు రెండు కుటుంబములకు చాలకున్నది. ఇల్లు పడగొట్టి అపార్టుమెంట్లు కట్టువారి చేతికి స్థలము నప్పగించుటయా? లేక వృద్ధులను పాత యింటిలో విడిచి పిన్నవారు వైట్‌ఫీల్డునకో ఎలక్ట్రానిక్ సిటీకో తరలిపోవుటయా? ఈ రెండును గాక మూడవ మార్గ మొకటి యున్నదనియు, అది మన పెరటిలోనే యున్నదనియు మనవి చేయుటకే మేమీ ప్రసంగమునకు పూనుకొంటిమి.

ఈ మార్గము మన కెఱుగనిది కాదు. 1898లో ప్లేగు ఈ నగరమును పీడించిన కాలమున, ఇరుకు పేటలను విడిచివచ్చిన జనమునకు మల్లేశ్వరము, బసవనగుడి ఆశ్రయమిచ్చినవి. వెడల్పైన వీధులు, ఇంటి చుట్టును ఖాళీ స్థలము, గాలి వెలుతురు ఆ పేటల లక్షణములు. అట్టి పెద్ద యిండ్ల వెనుక అవుట్‌హౌసు అని మనము పిలుచు చిన్న యిల్లు ఒకటి యుండుట వాడుక. చదువు కొఱకు వచ్చిన బంధువునకో, అద్దెకుండు చిన్న యుద్యోగికో అది నీడనిచ్చినది. దానినే నేటి యవసరమునకు తగినట్లు, నేలకు నీటికి భారము కాకుండునట్లు, మరల కట్టుకొందమని మా సూచన. ఒక గది, వంటకు కొంత చోటు, స్నానపు గది, వసారా. మొత్తము 400 చదరపు అడుగులున్న చాలును.

మొదట చట్టమును గూర్చి రెండు మాటలు. ఎంత చిన్న యిల్లైనను నగరపాలిక అనుమతి లేక పునాది తీయరాదు. సరిహద్దులనుండి విడువవలసిన ఖాళీ స్థలమును కొలిచిన పిమ్మట, 30 అడుగులకు 40 అడుగుల స్థలము గలవారికి వెనుక వేఱు యిల్లు కట్టుటకు చోటు మిగులదు. అట్టివారు ఇంజనీరుచేత పాత గోడల బలమును పరీక్ష చేయించి, పైయంతస్తున గది కట్టుకొనుట మేలు. పెరటిలోని చెట్టును కూడ తోచినట్లు కొట్టుటకు వీలులేదు. 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టము ప్రకారము అనుమతి పొందవలెను. చట్టము లేకున్నను, పడమటి యెండను ఆపు చెట్టును నఱికి, ఆ తరువాత చల్లదనమునకై యంత్రమును కొనుట తెలివి గాదు. చెట్టును విడిచి ఇంటినే ప్రక్కకు జరుపవలెను.

ఇక గోడలు. ఈ విషయమున మన నగరమే దేశమునకు దారి చూపినది. భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో ‘ఆస్త్రా’ అను విభాగము వెలసినది. గ్రామములకు పనికివచ్చు విజ్ఞానము దాని లక్ష్యము. అచ్చటి శాస్త్రజ్ఞులు మట్టి యిటుకను గూర్చి యేండ్ల తరబడి పరిశోధించిరి. జల్లించిన మట్టిలో నూటికి 5 మొదలు 8 పాళ్ల వఱకు సిమెంటు కలిపి, కొంచెము తడిపి, చేతియంత్రముతో గట్టిగా అదిమి అచ్చు తీయుదురు. దానిని బట్టీలో కాల్చ నక్కఱలేదు. మూడు వారములు నీడలో తడుపుచు ఆరనిచ్చినచో గట్టిపడును. కాల్చిన యిటుకల గోడకు పట్టు ఇంధనములో మట్టి యిటుకల గోడకు పట్టునది ఇంచుమించు మూడవ వంతు మాత్రమే యని ఆ సంస్థ శాస్త్రజ్ఞులు 2003లో లెక్కగట్టి ప్రకటించిరి.

మన పెరటి యెఱ్ఱమట్టి పనికివచ్చునా యని సందేహము కలుగవచ్చును. ఒక గాజు సీసాలో మూడవ వంతు మట్టి పోసి, నీరు నింపి, బాగుగా కుదిపి కదలక యుంచుడు. ఇసుక వెంటనే అడుగున చేరును. సన్నని ఒండు దానిపై నిలుచును. బంకమట్టి కడపట దిగును. ఇసుక పాలు హెచ్చుగా, బంక పాలు తక్కువగా నుండవలెను. బంక మిక్కుటమైనచో ఇసుకయో రాతిపొడియో కలిపి సరిచేయవచ్చును. పునాదికి తీసిన మట్టియే గోడ యగుటచే లారీ కిరాయియు మిగులును. ఐతే పైపొర మట్టిలో వేళ్లు, ఆకులు, పెంట కలిసియుండును గనుక దానిని తోటకు విడువవలెను.

“మట్టి గోడ వానకు కరగిపోదా?” అని పెద్దలు అడుగుదురు. రాయలసీమనుండి వచ్చిన కుటుంబములవారికి దీనికి సమాధానము తెలియును. దూలములు, దంతెలు వేసి, పైన చవుడు పఱచిన మట్టిమిద్దెలలో మన పూర్వులు తరతరములు కాపురముండిరి. ఏటేట మిద్దెను చూచుకొనుటయే దాని రహస్యము. నేటి సిమెంటు కలిపిన మట్టి యిటుకకు అంత శ్రమ లేదు. నేలనుండి రెండడుగుల ఎత్తు రాతికట్టు, గోడ తడియకుండ రెండడుగుల చూరు, ఈ రెండును తప్పనిసరి. క్రింద పఱచుటకు మనకు చిరపరిచితమైన కడప బండలున్నవి. వానికిని కాల్పు లేదు.

పైకప్పునకు రెండు దారులు కలవు. మొదటిది పెంకు. మంగళూరున బాసెల్ మిషనువారు 1865లో పెంకుల కర్మాగారము స్థాపించినది మొదలు ఆ పెంకు ఈ నగరపు ఇండ్లకు అలంకారమైనది. కూల్చిన పాత యిండ్ల పెంకులను మరల వాడవచ్చును. రెండవది, సిమెంటు స్లాబులో అడుగు భాగమున నడుమ నడుమ పెంకులు పొదుగుట. స్లాబు అడుగు భాగమున లాగుడును భరించునది ఇనుము. అచ్చటి కాంక్రీటు చాల వఱకు బరువే గాని బలము గాదు. ఆ చోటున పెంకు నుంచినచో సిమెంటు తగ్గును, గది చల్లబడును. కేరళమున లారీ బేకరుగారు ఈ పద్ధతిని విరివిగా వ్యాపింపజేసిరి. ఐనను ఇనుము లెక్క ఇంజనీరు చేయవలసినదే. మేస్త్రీ అంచనాకు విడువరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది నీరు. మనము త్రాగు కావేరి నీరు దాదాపు 100 కిలోమీటర్ల దూరమునుండి, సుమారు 500 మీటర్ల యెత్తునకు విద్యుత్తుతో నెట్టబడి వచ్చుచున్నది. 2024 వేసవిలో బోరుబావులు ఎండి, ట్యాంకరు కొఱకు జనము వీధిలో కనిపెట్టుకొనియుండుట మనమందఱము చూచితిమి. ఈ నగరమున ఏటికి 900 మిల్లీమీటర్లకు తక్కువ గాకుండ వాన కురియుట సామాన్యము. 400 చదరపు అడుగుల కప్పుపై పడు నీటిని పట్టినచో, నష్టము పోగా, 30 వేల లీటర్లు లభించును. ఇద్దఱు వృద్ధులకు దినమునకు 270 లీటర్ల చొప్పున మూడు నెలలకు పైగా సరిపోవును. 2009 నాటి చట్టసవరణ ప్రకారము 60కి 40 అడుగుల పాత స్థలములకును, 30కి 40 అడుగుల క్రొత్త యిండ్లకును వాననీటి సేకరణ విధింపబడినది. దానిని జరిమానా భయముతో గాక మన యవసరముగా నెంచి చేయవలెను.

తొట్టి నిండిన పిమ్మట మిగిలిన నీటిని నేలలోనికి ఇంకించుటకు మూడడుగుల వెడల్పు, ఇరువది అడుగుల లోతు గల చిన్న బావి చాలును. అట్టి బావులను త్రవ్వుటలో నేర్పరులు వడ్డెర వృత్తివారు. వారి యింటిభాష తెలుగునకు మిక్కిలి చేరువైనది. వారికి పని కల్పించుట మన భాషవారికి చేయూత నిచ్చుటయు నగును. జయనగరమున జలమండలివారు నెలకొల్పిన వర్షజల ప్రదర్శన వనమునకు విశ్వేశ్వరయ్యగారి పేరు పెట్టిరి. ఆయన యింటిపేరు తెలుగు సీమలోని మోక్షగుండమునుండి వచ్చినదే. ప్లాను గీయింపకముందే ఒకసారి ఆ వనమును చూచి రండు.

ఖర్చు తగ్గునా యని అడుగువారికి నిక్కము చెప్పవలెను. గోడలలో కొంత మిగులును. నేర్పరియైన మేస్త్రీ దొరకనిచో ఆ మిగులు పోవును. నిజమైన పొదుపు ఇంటి చిన్నదనములో నున్నది. కట్టని గదికి సిమెంటు వలదు, దీపము వలదు, ఊడ్చు శ్రమ వలదు.

కడపట నొక హెచ్చరిక. అన్నదమ్ముల యుమ్మడి స్థలమున నొకరు కట్టిన యిల్లు రేపు వ్యాజ్యమునకు మూలము కారాదు. ఎవరి సొమ్ముతో కట్టితిరి, ఎవరు ఎంత కాలముందురు, తరువాత ఎవరికి చెందును అను మాటలను పునాదికి ముందే కాగితముపై వ్రాసి అందఱును సంతకము చేయుడు. తల్లిదండ్రులు జీవించియుండగనే ఈ పని జరుగవలెను.

మన పిల్లలు వీధిలో కన్నడము, బడిలో ఇంగ్లీషు నేర్చుచున్నారు, నేర్వవలసినదే. తెలుగు మాత్రము వారికి అవ్వాతాతల నోటనే రావలెను. ఆ అవ్వాతాతలు పది మైళ్ల దూరమున నున్నచో ఆదివారము నాడు కుశలప్రశ్నలకే కాలము చాలదు. పెరటిలో నున్నచో ప్రతి సాయంకాలము కథ యొకటి వినబడును. స్థలము నమ్ముటకు సంతకము చేయబోవు సభ్యులు ఒక్క నెల ఆగి, పెరటిని కొలిచి, పిల్లలతోను పెద్దలతోను కూర్చుండి ఆలోచింతురుగాక యని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాము.